నీళ్ళ వంతు

కోనేరు సెంటరులో షేరాటో నిండితే తప్ప కదలదు. అది తెలిసి కూడా హైమవతి రోజూ అందరికంటే ముందే ఎక్కి ఎడమవైపు చివర కూర్చుంటుంది. ఒళ్ళో చేతిసంచి. సంచిలో టిఫిను డబ్బా, కళ్ళజోడు పెట్టె, రాగి మరచెంబు. చెంబులో పొద్దున్నే కాచి చల్లార్చిన నీళ్ళు. మర బిగించి, చెంబుని ఒకసారి తలకిందులు చేసి, చుక్క కారలేదని తేలాక గానీ ఆవిడ ఇంటికి తాళం వేయదు. ఇవాళ ఉద్యోగానికి ఆఖరి రోజు. అయినా చెంబుని తలకిందులు చేసి చూడటం మానలేదు.

మనిషి పొట్టి. నేత చీర కుచ్చిళ్ళు మడమల పైకే ఉంటాయి, ఆటోలు ఎక్కి దిగీ అలా అలవాటైపోయింది. కుడిచేతి వేళ్ళ సందుల్లో సుద్దపొడి పాతుకుపోయింది, ఎంత కడిగినా పోదు. కళ్ళజోడు ముక్కు మీదికి జారితే మణికట్టుతో పైకి తోసుకుంటుంది. బందరులో పుట్టి, బందరులోనే చదివి, కోర్టు గుమాస్తాని పెళ్ళాడి, ఆయన పోయాక కూతురు అపర్ణని ఒంటిచేత్తో పెంచి, ఇన్నేళ్ళూ మంగినపూడి అవతల ఇసకదిబ్బ పాలెం హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పింది. పేపర్లో ఫొటో పడలేదు, ఉత్తమ ఉపాధ్యాయురాలనీ ఎవరూ అనలేదు. లెక్కల మాస్టారంటే పిల్లలకి భయం, ఇంగ్లీషు మాస్టారంటే గౌరవం. సోషల్ టీచరంటే ఏముంటుంది చెప్పండి, కాస్త కునుకు తీసే వీలు తప్ప!

ఒక్క పాఠానికి మాత్రం ఎవరూ కునుకు తీసేవారు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో యూదుల ఊచకోత. పుస్తకంలో దానికి నాలుగు ముక్కలే ఉంటాయి, హైమవతి గంటసేపు చెబుతుంది. చెబుతూ చెబుతూ మొహం ఎర్రగా చేసుకుంటుంది. అందుకని పిల్లలు ఆవిడకి హిట్లరు టీచరని పేరు పెట్టారు. ఆయన్ని అంతగా తిట్టే మనిషికి ఆయన పేరే అంటగట్టడం అన్యాయం కదూ! ఆవిడకి ఆ సంగతి తెలుసు, పట్టించుకోదు. ఈ ఏడు ఆ పాఠాన్ని కావాలనే ఆఖరికి అట్టేపెట్టుకుంది.

ఆటో కదలబోతుండగా అచ్చమ్మ వచ్చింది. నెత్తి మీద చేపల గంప. పాలెంలో ఆమె చేపలు కొనే దిక్కు లేక, చీకటితోనే లేచి బందరు వచ్చి అమ్ముకుంటోంది. గంప దించకుండానే ఆటో పక్కన నిలబడింది.

"అమ్మాయి రేపట్నుంచి రాదండి టీచర్ గారూ. నాగాయలంకలో మా చెల్లెలి కాడికి పంపేస్తన్నాం."

"పరీక్షలు ముంచుకొస్తున్నాయి కదమ్మా. ఇప్పుడు మాన్పిస్తే ఏడాదంతా పోతుంది."

"తెలుసండి. కానీ మాట్లాడే మడిసి లేకుండా ఎన్నాళ్ళని కూర్చుంటదండి? నిన్న చూస్తే గోడతో మాట్లాడుకుంటంది. నాకు బయమేసింది."

అంతే చెప్పి అచ్చమ్మ వెళ్ళిపోయింది. హైమవతి దారంతా ఆ గోడ మాటే తలుచుకుంటూ కూర్చుంది.

సంగతేమిటంటే, అచ్చమ్మ మొగుడు గంగన్న వలని ఎవరో కోశారు. అలాంటి తగాదా ఏదైనా పాలెంలో పెద్దల ముందే పెట్టాలి. గంగన్న కోపంలో నేరుగా బందరు స్టేషనుకెళ్ళి ఫిర్యాదు ఇచ్చాడు. జీపు వచ్చింది. కులపెద్ద పోతురాజుని తీసుకెళ్ళి, విచారణ పేరుతో సాయంత్రందాకా బల్ల మీద కూర్చోబెట్టి పంపారు. తెల్లని పంచెకట్టు తప్ప ఎరగని మనిషి, ఊళ్ళో పదిమందికీ తీర్పు చెప్పే మనిషి, దొంగల సరసన కూర్చుని వచ్చాడు. ఆ రాత్రే గంగన్న కుటుంబాన్ని వెలేశారు. నిప్పూ నీళ్ళూ పుట్టవు, పలకరింపు ఉండదు. వాళ్ళతో మాట్లాడినా, వాళ్ళ చేతి నీళ్ళు తాగినా తప్పు. తప్పు పడిన ఇంటి మగాణ్ణి నెల్లాళ్ళు వేటకి పడవ ఎక్కనివ్వరు. అయితే తప్పు ఊరికే పడదు. చూసినవాడు గుడి అరుగు దగ్గరికొచ్చి పెద్దల ముందు చెప్పాలి, చెప్పేవాడు తను ఆ తప్పు చేసి ఉండకూడదు. అది తాతల నాటి కట్టుబాటు.

గంగన్న వాళ్ళ అమ్మాయి శ్రీదుర్గ పదో తరగతి. అంతకుముందు మొదటి బెంచీలో పోతురాజు మనవరాలు రాజకుమారి పక్కన కూర్చునేది. ఇద్దరికీ ఒకే రంగు రిబ్బన్లు, ఒకే సీసాలో కొబ్బరినూనె. వెలి పడిన మర్నాటి నుంచీ శ్రీదుర్గ ఆఖరి బెంచీలో ఒక్కతే కూర్చుంటోంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆ పిల్ల అక్కడ లేనట్టు ఉండటం నేర్చుకున్నారంతే.

బళ్ళో అడుగుపెట్టగానే హెడ్మాస్టరు సత్యానందం గారు ఆవిడని వరండాలోనే ఆపారు. ఆయన మంచివాడే, కానీ బదిలీ అన్న మాట వింటే నిద్ర పట్టదు. సాయంత్రం సన్మానసభకి పోతురాజు ముఖ్య అతిథి, బడికి స్థలం ఇచ్చిందీ వాళ్ళే. "ఈ ఒక్కరోజూ ఏ గొడవా లేకుండా వెళ్ళొస్తే మీకూ గౌరవం, మాకూ గౌరవం హైమవతి గారూ" అన్నారు. నీళ్ళ వంతు సంగతి కూడా కాస్త చూసుకోమని గొంతు తగ్గించి చెప్పారు.

నీళ్ళ వంతు హైమవతి పెట్టిన పద్ధతే. ఆవిడ తరగతి గది మూల మట్టికుండ ఉంటుంది. పిల్లల్లో వంతు వచ్చినవాళ్ళు బోరింగు దగ్గర కుండ నింపి, పొడుగు కాడ ఉన్న గ్లాసుతో అందరికీ ముంచి పోయాలి. బళ్ళోకి ఎవరైనా పెద్దలొస్తే వాళ్ళకీ ఆరోజు వంతువాళ్ళే నీళ్ళివ్వాలి. ఎవరి వంతో బోర్డు మూల రాసి ఉంటుంది. పోయినసారి శ్రీదుర్గ వంతు వచ్చినప్పుడు కుండ నిండింది గానీ ఒక్కరూ తాగలేదు. సాయంత్రం ఆ పిల్లే కుండ వంచి నీళ్ళన్నీ మందారం మొక్కకి పోసి వెళ్ళింది. ఇవాళ బోర్డు మూల మళ్ళీ శ్రీదుర్గ పేరుంది. పొద్దుటి నుంచీ కుండ బోర్లించే ఉంది.

హైమవతి పాఠం మొదలుపెట్టింది.

"ఉప్పెన అంటే మీకు చెప్పక్కర్లేదు. మీ ఇళ్ళల్లో ఎవరెవరు పోయారో మీకే తెలుసు. సముద్రానికి వాళ్ళ పేర్లు తెలియవు. మీరెవరు, మీ కులమేమిటి అని అది అడగలేదు. ఇప్పుడు నేను చెప్పేది అలాంటిది కాదర్రా. ఇది మనుషులు కుర్చీల్లో కూర్చుని, సంతకాలు పెట్టి, పేరు పేరునా ఏరి చేసింది."

ఆ దేశంలో యూదుల కొట్టులో సరుకు కొనొద్దని ఎలా చెప్పారో చెప్పింది. కొట్టు ముందు మనుషుల్ని కాపలా పెట్టడం, బళ్ళో ఆ పిల్లల్ని వేరే కూర్చోబెట్టడం, పార్కు బెంచీల మీద మీరు కూర్చోకూడదని రాయడం, బట్టల మీద గుర్తు కుట్టించడం. ఆ తర్వాత రైళ్ళు. పశువుల్ని ఎక్కించే పెట్టెల్లో మనుషుల్ని ఎక్కించిన రైళ్ళు, లక్షలకి లక్షల మంది, పసిపిల్లలతో సహా, వెళ్ళి తిరిగిరాని చోటు. యుద్ధం అయ్యాక దేశాలన్నీ కూర్చుని, మనిషిగా పుట్టిన ప్రతివాడికీ కొన్ని హక్కులున్నాయని, వాటిని ఏ రాజ్యమూ తీసెయ్యకూడదని రాసుకున్న మానవ హక్కుల ప్రకటన సంగతీ చెప్పింది.

"గుర్తుపెట్టుకోండి. మొదటి రోజే చంపలేదు. మొదట పక్కింటివాళ్ళతో మాట్లాడటం మానేశారు."

ఎవరూ వెనక్కి తిరగలేదు, కానీ అందరూ ఆఖరి బెంచీ గురించే ఆలోచిస్తున్నారని వాళ్ళ మెడలు చూస్తేనే తెలిసిపోతోంది.

ఈ పాఠం చివర హైమవతి ఏటా ఒక ప్రశ్న వేస్తుంది, మీరే అక్కడ ఉంటే ఏం చేసేవాళ్ళని. ఏటా మగపిల్లలు పోటీపడి లేచి ఎదిరించేవాళ్ళమండీ అనేవారు, ఆవిడ నవ్వుకునేది. ఇవాళ అడిగితే ఒక్కరూ లేవలేదు. చివరికి బాలాజీ లేచాడు. అబద్ధం చెప్పడం చేతకాని పిల్లాడు.

"పెద్దోళ్ళు మాట్లాడొద్దన్నారంటే ఏదో కారణం ఉండుంటదండి. మేమైనా మానేసేవాళ్ళమండి."

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్నకి ఆవిడ విన్న మొదటి నిజమైన జవాబు అదే. ఆరిపోయిన గొంతు తడుపుకుందామని బల్ల మీది మరచెంబు మీద చెయ్యి వేసింది.

అప్పుడు రాజకుమారి లేచింది. కళ్ళ నిండా నీళ్ళు, గొంతు నిండా కోపం.

"మీరు మా ఊరి నీళ్ళు ఎప్పుడూ తాగరు కదండీ?"

"నాకు ఆ నీళ్ళు గొంతుకి పడవమ్మా. ఉప్పు..."

"మీరొచ్చిన కాడ్నుంచీ తాగలేదని మా తాత చెప్తాడండీ. ఊళ్ళో అందరికీ తెలుసండీ. అంటే మీరు మమ్మల్ని వెలేసినట్టేగా? మేం దాన్ని వెలేస్తే మాత్రం పాఠం చెప్తన్నారు."

హైమవతి చెయ్యి చెంబు మీదే ఆగిపోయింది. ఉద్యోగంలో చేరిన రోజు బోరింగు నీళ్ళు తాగితే గొంతు పట్టేసిన మాట నిజం. మర్నాడు అమ్మ ఈ చెంబు చేతికిచ్చి, ఆ ఊళ్ళో నీళ్ళు ముట్టకు అన్న మాటా నిజమే. అమ్మ అన్నది గొంతు గురించి ఒక్కటే కాదు. అందులో గొంతు పాలెంత, మిగతా పాలెంత అని హైమవతి ఎన్నడూ విడదీసి చూసుకోలేదు. సిగ్గేసింది. అయినా ఎక్కడో సంతోషం కూడా కలిగింది, పాఠం ఈ పిల్లకి ఇంతగా తగిలినందుకు.

"నువ్వన్నది సబబేనే" అంది. చెంబుని పక్కకి జరిపి, బోర్డు వైపు తిరిగింది. "ఇవాళ నీళ్ళ వంతు ఎవరిది?"

ఆఖరి బెంచీ కిర్రుమంది. శ్రీదుర్గ వచ్చి, ఎవరి వైపూ చూడకుండా కుండ చంకనెత్తుకుని బయటికెళ్ళింది. బోరింగు కొడుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. నిండుకుండతో తిరిగొచ్చి మూల పెట్టి, గోడవైపు తిరిగి నిలబడింది. హైమవతి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

శ్రీదుర్గ ముంచి ఇచ్చిన గ్లాసు అందుకుని ఎత్తి తాగింది. ఉప్పగా ఉన్నాయి, ఇనుము వాసన కూడా ఉంది. గొంతులో గరగరలాడుతూ దిగాయి. అయిపోయాక గ్లాసు చూసుకుని, "ఇంకోటి ఇయ్యి" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

కానీ పిల్లలు కదల్లేదు. వాళ్ళ భయం వాళ్ళది, తీసిపారెయ్యాల్సింది కాదు. బాలాజీ పక్కనుండే రాము అన్నాడు, వాళ్ళ నాన్నని పడవ ఎక్కనివ్వకపోతే ఇంట్లో ఏం తింటారని. హైమవతి తాగమని అనలేదు. ఆవిడ సాయంత్రానికి ఆటో ఎక్కి వెళ్ళిపోయే మనిషి, ఊళ్ళో ఉండాల్సింది వాళ్ళు. ఆ సంగతి ఆవిడకి తెలుసు.

బాలాజీ మాత్రం బుర్ర గోక్కుంటూ నిలబడే ఉన్నాడు. ఉన్నట్టుండి వాడి మొహం వెలిగింది.

"ఒరే రామూ, తప్పు పడాలంటే చూసినోడు చెప్పాలి కదా? చెప్పేవోడు తాగకుండా ఉండాలి కదా? అందరం తాగేస్తే ఇంక చెప్పేదెవడ్రా?"

ఆ మాట అర్థం కావడానికి గదికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక అందరి చూపూ రాజకుమారి మీద పడింది. ఆమె ఒక్కతే తాగకుండా ఉంటే చాలు, ఈ లెక్కంతా తప్పిపోతుంది. అందులోనూ కులపెద్ద ఇంటి పిల్ల.

రాజకుమారి బెంచీల మధ్య నుంచి నడిచి కుండ దగ్గరికెళ్ళింది. గ్లాసు అడగలేదు. వంగి దోసిలి పట్టింది.

"ముందు నాకు పొయ్యవే."

శ్రీదుర్గ గ్లాసు ముంచి పోసింది. నీళ్ళు దోసిట్లో కొన్ని, ఓణీ మీద కొన్ని పడ్డాయి. నెలల తర్వాత ఆ పిల్ల గొంతు తరగతిలో వినపడింది.

"కదలకే, తొణికిపోతన్నాయి."

ఆ తర్వాత ఇంకేముంది, వరస కట్టారు. తోసుకున్నారు. దాహం లేనివాళ్ళు కూడా తాగారు. రాము గబగబా తాగి కొరబోయి దగ్గితే బాలాజీ వాడి నెత్తి మీద చరిచాడు. కుండ ఖాళీ అయితే శ్రీదుర్గా రాజకుమారీ చెరో వైపు పట్టుకుని మళ్ళీ నింపుకొచ్చారు. కిటికీలోంచి చూస్తున్న తొమ్మిదో తరగతి పిల్లల్ని బాలాజీ వదల్లేదు, చూసినోళ్ళూ తాగాల్సిందేనని పిలిచి మరీ తాగించాడు. అటెండరు అబ్బులు ఏమిటీ గోల అని వస్తే ఆయనకీ ఒక గ్లాసు పట్టించారు. హైమవతి బల్లకి ఆనుకుని నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడకి ఇంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

సాయంత్రం షామియానా కింద సభ. పోతురాజు మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఎండకి నల్లబడ్డ నిటారు మనిషి, ఉతికిన తెల్లపంచె, మెడలో తువ్వాలు. సత్యానందం గారు హైమవతి క్రమశిక్షణ గురించి మాట్లాడుతున్నారు. ఇంతలో పళ్ళెంలో నీళ్ళ గ్లాసులు పెట్టుకుని శ్రీదుర్గ వచ్చింది. వంతు ఆ పిల్లదే మరి. సత్యానందం గారి మాట మధ్యలోనే తెగిపోయింది.

శ్రీదుర్గ పోతురాజు ముందు ఆగింది. ఆయన గ్లాసు వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు. ముందు వరసలోంచి రాజకుమారి లేచి నిలబడింది.

"అందరం తాగాం తాతా. తప్పేస్తే నాక్కూడా వెయ్యి."

పెద్దాయన మొహంలో ఏమీ కనపడలేదు. "ఎవరు చూశారు?" అన్నాడు.

బాలాజీ చేతులు కట్టుకుని లేచాడు. "చూసినోళ్ళు లేరండి. తాగినోళ్ళే ఉన్నారు."

పెద్దాయన మీసం కింద పెదవి కదిలింది. హైమవతి వైపు తిరిగాడు. "తవరూ తాగారా?"

"తాగానండి. రెండు గ్లాసులు."

"ఉప్పగా లేవూ?"

"ఉన్నాయి. ఇన్నాళ్ళూ తాగకపోవడం నా తప్పేనండి."

పోతురాజు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. మాట్లాడినప్పుడు సభతో మాట్లాడినట్టు లేదు, తనలో తను అనుకున్నట్టుంది.

"ఉప్పెన వెళ్ళిన మర్నాడు ఎవరో కొబ్బరిచిప్పలో నీళ్ళు పోశారు నాకు. మొహం కూడా చూళ్ళేదు. తాగేశా. తాగబట్టి బతికా."

గ్లాసు అందుకున్నాడు. గుటకలు వేసి తాగి, ఖాళీ గ్లాసు పళ్ళెంలో పెట్టి, పక్కనున్న మనిషితో గంగన్నని రేపు గట్టు దగ్గరికి రమ్మని చెప్పమన్నాడు. స్టేషను బల్ల సంగతి తామిద్దరూ మొహాలు చూసుకుని తేల్చుకుంటారట, పిల్లలకీ గంగన్న ఇంటికీ దానితో పనిలేదట. పిల్లలు చప్పట్లు కొట్టారు. అవి సన్మానానికని సత్యానందం గారు అనుకుని, తెప్పరిల్లి, వదిలేసిన వాక్యం మళ్ళీ మొదట్నుంచీ అందుకున్నారు.

శాలువా కప్పారు, దండ వేశారు, స్వీటు పంచారు. రేపు హైమవతి గుడ్లవల్లేరు వెళ్ళిపోతుంది. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పే అపర్ణ దగ్గరే ఇక ఉండటం. ఆటో వచ్చింది. ఆవిడ మామూలుగానే ఎడమవైపు చివర కూర్చుంది. దండని సంచిలో కుక్కుకోవడంతోనే సరిపోయింది, సంచిలో ఏముందో ఏం లేదో చూసుకోలేదు. రాజకుమారి చెయ్యి పట్టుకుని శ్రీదుర్గ పరిగెత్తుకొచ్చింది.

"రేపు సోషల్ ఎవరు చెప్తారండీ?"

రేపు అన్న ఆ మాట కోసమే ఆవిడ పొద్దుటి నుంచీ ఎదురుచూసింది. "ఎవరో ఒకరు వస్తారు" అంది. "నువ్వు మాత్రం మానకుండా రా."

"వస్తానండీ."

ఆటో సర్వి తోపుల మధ్య నుంచి బందరు వైపు వెళ్ళిపోయింది. పిల్లలు కాసేపు చేతులూపి, తర్వాత ఇళ్ళకి పోయారు.

అబ్బులు గదులకి తాళాలు వేసుకుంటూ పదో తరగతిలోకి వచ్చాడు. నేలంతా నీళ్ళు, పాదాల అచ్చులు. ఆఖరి బెంచీని ఎవరో ముందుకి లాగి మొదటి బెంచీకి ఆనించారు. బల్ల మీద మరచెంబు ఉండిపోయింది. అయ్యో అనుకుంటూ చేతిలోకి తీసుకున్నాడు. బరువుగా ఉంది. బందరులో పొద్దున పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి, బిగించిన మర బిగించినట్టే ఉంది.